తైవాన్‌లోని సిన్చూలో నాలుగు కుండల లూ రౌ ఫాన్ - నా అనుభవం

2025 మార్చి 3, సోమవారం సాయంత్రం. కంపెనీ వాళ్ళు ఏటా చేయించే వైద్య పరీక్షల రిపోర్టు వచ్చింది. ఎల్‌డీఎల్ అనే చెడ్డ కొలెస్ట్రాల్ 158, రక్తంలో ఇంకో రకం కొవ్వు ట్రైగ్లిజరైడ్లు 231. రెండు అంకెలూ ఎర్రగా అచ్చయి ఉన్నాయి. నాకు ముప్పై రెండేళ్ళు. నాన్నకి నలభై ఎనిమిదో ఏట గుండెకి స్టెంటు వేశారు. అప్పుడు ఆసుపత్రి వరండాలో అమ్మ పక్కన కూర్చున్న రాత్రి గుర్తొచ్చి, రిపోర్టు పట్టుకుని చాలాసేపు అలాగే ఉండిపోయాను.

బుధవారం క్లినిక్‌కి వెళ్ళాను. ఆరోగ్య బీమా కార్డు ఉంటే రిజిస్ట్రేషనుకి 150 తైవాన్ డాలర్లు తీసుకున్నారు (డాలరంటే అప్పట్లో మన రెండున్నర రూపాయల పైచిలుకు). గంటా పది నిమిషాలు కూర్చుంటే డాక్టరు గారితో మాట్లాడింది ఆరు నిమిషాలు. ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "రాత్రి భోజనం ఎక్కడ?" అని. నిజమే చెప్పాను. వారంలో నాలుగైదు రోజులు మా సందు చివరి దుకాణంలో లూ రౌ ఫాన్ అనే మాంసపు అన్నం, పక్కన సోయా సాస్ నీళ్ళలో ఉడికిన గుడ్డు. ఆయన తల ఊపి, మూడు నెలలు తిండి మార్చి, రోజూ నడిచి, జూన్ మొదటి వారంలో మళ్ళీ రక్త పరీక్షకి రమ్మన్నారు. మందు సంగతి అప్పుడు చూద్దామన్నారు.

మానెయ్యమని ఆయన అనలేదు. మానెయ్యాలని నాకూ లేదు. ఎందుకో చెప్తేనే మిగతాది అర్థమవుతుంది.

మాది నరసాపురం దగ్గర పల్లె. ఇంట్లో చేపలు, రొయ్యలు, కోడి, మేక అన్నీ తింటాం, పంది మాంసం మాత్రం ఎవరూ ముట్టరు. 2022 అక్టోబరులో ఉద్యోగానికని సిన్చూ వచ్చాను. ఈ ఊరికి గాలి ఊరని పేరు. ఈశాన్యపు గాలి మొదలైందంటే గొడుగు నిలవదు. వచ్చిన మూడో రోజు రాత్రి, గదిలో గిన్నె లేదు, పొయ్యి లేదు, భాష రాదు. వేలు చూపించి అడిగితే దుకాణం పెద్దాయన అరచేతిలో పట్టేంత గిన్నెలో వేడి అన్నం పెట్టి, దాని మీద గోధుమ రంగు మాంసం గరిటెడు వేసి ఇచ్చాడు. అది ఏ మాంసమో నాకు తెలుసు. తిన్నాను. ఈ దేశంలో నేను కడుపు నిండా తిన్న మొదటి అన్నం అదే. అందుకే అది నాకు చిరుతిండి కాదు, ఇక్కడ నా ఇంటి భోజనం.

లూ అంటే సోయా సాస్, సుగంధాలు వేసిన నీళ్ళలో మెల్లగా ఉడికించడం. రౌ మాంసం, ఫాన్ అన్నం. బోర్డుల మీద చాలాచోట్ల ఈ 'లూ'కి వేరే అక్షరం రాస్తారు. అది చైనాలోని షాన్‌డాంగ్ రాష్ట్రానికి పొట్టి పేరు కూడా. 2011లో మిషెలిన్ గైడు అనే ప్రయాణికుల పుస్తకం ఈ వంటకం షాన్‌డాంగ్ నుంచి వచ్చిందని రాసేసరికి తైపే నగర పాలక సంస్థ వెయ్యి గిన్నెలు ఉచితంగా పంచి, ఇది మాదేనని చాటింది. ఒక గిన్నె అన్నం కోసం అంత పట్టుదల చూపించిన ఊరి మీద నాకు గౌరవం కలిగింది.

మొదటి కుండ, మార్చి 8

నా ఆలోచన చాలా సూటిగా ఉంది. కొవ్వు వద్దు కాబట్టి కొవ్వు లేని మాంసం కొంటే సరిపోతుంది. సూపర్ మార్కెట్లో వెనక తొడ మాంసం ఖీమా 600 గ్రాములు 130 డాలర్లు. సోయా సాస్ ఒకటి, వంటకి వాడే బియ్యపు సారాయి సీసా ఒకటి, వేయించిన ఉల్లిపాయల పొట్లం ఒకటి, అయిదు పరిమళాల పొడి డబ్బా ఒకటి, తెల్ల మిరియాల పొడి. సామాన్లకే మరో 380 డాలర్లు అయింది. తీపి ఎందుకని చక్కెర మానేశాను.

అయిదు పరిమళాల పొడిలో ఉండేవి అనాస పువ్వు, దాల్చిన చెక్క, లవంగం, సోంపు, సిచువాన్ మిరియం. నాలుగు మన మసాలా డబ్బాలోవే కదా అనే ధైర్యంతో రెండు చెంచాలు వేశాను. నలభై నిమిషాలు ఉడికించాను.

మూత తీస్తే వంట వాసన రాలేదు, ఆయుర్వేదం కొట్టు వాసన వచ్చింది. మాంసం ఇసుక రేణువుల్లా విడివిడిగా ఉంది. నీళ్ళు వేరు, మాంసం వేరు. అన్నం మీద వేస్తే నీళ్ళు అడుక్కి జారిపోయి, పైన పొడి పొడిగా మాంసం మిగిలింది. ఆ రాత్రి నాకు నిజంగా ఏడుపొచ్చింది. వంట పాడైనందుకు కాదు. ఇక ముందు నేను తినాల్సింది ఇలాంటిదేనా అని.

మూడు రోజులు అదే తిని పూర్తి చేశాను. నేర్చుకున్నది ఒకటే: మన కూరలో మసాలా ముందుకొచ్చి నిలబడుతుంది, ఈ వంటలో అది గుమ్మం వెనకే ఉండాలి. ఆరు వందల గ్రాముల మాంసానికి పావు చెంచా పొడి, ఒక్క అనాస పువ్వు చాలు.

రెండో కుండ, మార్చి 15

ఈసారి ఆరోగ్యం సంగతి పక్కన పెట్టి, ముందు అసలు వంట ఎలా ఉంటుందో తెలుసుకుందామనుకున్నాను. పొద్దున ఏడింటికే సంతకి వెళ్ళాను. ఇక్కడ నేనుండే వైపు సంతలో సోమవారం మాంసం దుకాణాలు ఉండవు, మిగతా రోజుల్లో పదకొండు దాటితే మంచి ముక్కలు మిగలవు. ఇక్కడ తూకం జిన్ లెక్కన. ఒక జిన్ 600 గ్రాములు. కిలో అనుకుని అడిగి మొదట్లో తికమక పడేదాన్ని.

పొట్ట మాంసాన్ని 'వూహ్వా రౌ' అంటారు, అంటే అయిదు పువ్వుల మాంసం. తోలు, కొవ్వు, కండ, మళ్ళీ కొవ్వు, మళ్ళీ కండ, పొరలు పొరలుగా ఉంటుంది. మాంసం అమ్మే ఆవిడ "సన్నగానా, మోటుగానా?" అని సైగ చేసి అడిగింది. నేనే కోసుకుంటానని తెచ్చుకున్నాను. జిన్ 180 డాలర్లు.

ఎవరూ చెప్పని సంగతి: పచ్చి పొట్ట మాంసం కత్తికి లొంగదు. తోలు జారుతుంది, కొవ్వు మెత్తగా నలుగుతుంది. గంటంపావు తంటాలు పడ్డాక, సగం మిగిలిన ముక్కని వేరే పని మీద ఫ్రీజర్‌లో పెట్టి నలభై నిమిషాల తర్వాత తీస్తే, పెన్సిలు మందం ముక్కలు చక్కగా తెగాయి. అప్పట్నుంచీ ప్రతిసారీ ముందు ఫ్రీజరే.

పొట్లం ఉల్లిపాయల్లో నూనె ఎక్కువని ఈసారి చిన్న ఎర్రుల్లిపాయలు నేనే వేయించాను. రంగు బంగారంలా వచ్చేదాకా ఆగి తీశాను. తీసి పళ్ళెంలో పెట్టాక కూడా వాటి వేడికి అవే ఉడుకుతూ నల్లబడ్డాయి. లేత పసుపు రంగులో ఉండగానే తీసెయ్యాలట. ఆ చేదు కుండంతా పాకింది. పైగా దుకాణం రంగు రావాలని సోయా సాస్ 150 మిల్లీలీటర్లు పోశాను.

రుచి ఉంది. ఉప్పూ ఉంది, అడుగున చేదూ ఉంది, అయినా అన్నం మీద వేస్తే అతుక్కుంది, పెదాలకి జిగురు తగిలింది. రెండు గిన్నెలు తిన్నాను. తర్వాత గిన్నె అంచున తెల్లగా పేరుకున్న కొవ్వు చూశాను. సాస్ సీసా వెనక పట్టిక చదివాను. 15 మిల్లీలీటర్లకి 900 మిల్లీగ్రాముల పైన సోడియం. నేను పోసింది దానికి పదింతలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకి 2000 దాటొద్దంటుంది. నాన్న బీపీ మాత్రల డబ్బా కళ్ళ ముందు కదిలింది. మిగిలిన దాంట్లో సగం, రాత్రి పియానో పాట వాయిస్తూ వచ్చే చెత్త బండి దగ్గర మిగిలిన అన్నాలూ కూరలూ పోసే పీపాలో పోశాను. అన్నం పారెయ్యడం మా ఇంట్లో లేదు. చేతులు వణికాయి.

మార్చి 16, అమ్మ ఫోను

ఆదివారం అమ్మ వీడియో కాల్ చేసింది. మామూలుగానే "ఏం తిన్నావే?" అంది. రెండున్నరేళ్ళుగా "అన్నమేనమ్మా" అని తప్పించుకుంటున్నాను. ఆ రోజు తప్పించుకోవాలనిపించలేదు.

"పంది మాంసం వండుకున్నానమ్మా."

చాలాసేపు మాట లేదు. ఫోను కట్టయిందేమో అనుకున్నాను. ముఖం కనిపిస్తూనే ఉంది. తర్వాత రిపోర్టు సంగతి కూడా చెప్పేశాను. అది చెప్పాక పంది మాంసం సంగతి అమ్మకి చిన్నదైపోయింది.

"మీ నాన్న సంగతి తెలిసి కూడానా? ఎలా వండుతున్నావు అసలు, చెప్పు."

రెండు కుండల కథా చెప్పాను. అమ్మ అడిగిన ప్రశ్న నేను ఎదురుచూడనిది.

"తోలు ఉంచావా, తీసేశావా?"

"మొదటిసారి లేదు, రెండోసారి ఉంది."

"కాళ్ళ పులుసు గుర్తుందా నీకు? చలికాలం రాత్రి వండి దించితే తెల్లారేసరికి పైన కొవ్వు తెల్లగా పేరుకునేది. గరిటెతో తీసి అవతల పడేసేదాన్ని. కింద పులుసు గడ్డ కట్టి ఉండేది. నువ్వు అదీ కొవ్వే అని ఏడ్చేదానివి. అది కొవ్వు కాదే, తోల్లోంచీ కీళ్ళలోంచీ దిగిన జిగురు. రుచంతా అందులోనే. నువ్వేమో కొవ్వుని ముందే తీసేద్దామని చూస్తన్నావు. ముందు దిగనియ్యి. చల్లారాక తీసెయ్."

ఇంకా ఒక మాట అంది. "అయినా చేపల పులుసు వండిన పూటే ఎవరు తింటారే? మర్నాడు కదా తినేది."

పంది మాంసం జన్మలో ముట్టని మనిషి నా వంటని దిద్దింది. ఫోను పెట్టేశాక చాలాసేపు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

మూడో కుండ, మార్చి 22-23

అమ్మ చెప్పినదాన్ని పట్టుకుని లెక్క మార్చాను. తోలున్న పొట్ట మాంసం 200 గ్రాములు, కొవ్వు లేని వెనక తొడ మాంసం ఒకే ముక్కగా 400 గ్రాములు. తొడ మాంసం ఖీమా కొనకుండా చేత్తో కోసుకోవాలి, లేకపోతే మళ్ళీ ఇసుకే. అరచేయంత తోలు ముక్క విడిగా అడిగితే సంతలో ఆవిడ డబ్బు తీసుకోలేదు. దాన్ని వేలి గోరంత ముక్కలు చేశాను. ఎనిమిది ఎండు పుట్టగొడుగులు రెండు గంటలు నానబెట్టి, ఆ నీళ్ళు దాచుకున్నాను. కుండ సగం వీటితో నిండితే గిన్నెకి పడే మాంసం తగ్గుతుంది, నమలడానికి లోటు ఉండదు.

మాంసాన్ని చన్నీళ్ళలో వేసి, అల్లం ముక్కలు, కొంచెం సారాయితో ఒక పొంగు రానిచ్చి, నురగ పోయేలా కడిగేశాను. ఈ పని మొదటి రెండుసార్లూ మానేశాను. చేసి చూస్తే నీచు వాసన పోయింది, పులుసు తేటగా వచ్చింది.

తర్వాత బాణలిలో నూనె వెయ్యలేదు. పొట్ట మాంసం ముక్కల్ని చిన్న మంట మీద పెడితే వాటి కొవ్వే కరిగి వాటిని వేయిస్తుంది. పది నిమిషాలకి బాణలి వంచి, కరిగినదాంట్లో రెండు చెంచాలు తీసేశాను. మిగిలిన దాంట్లో పటిక బెల్లం రెండు పలుకులు, సుమారు 15 గ్రాములు. మొదటి కుండలో తీపి మానేసి తప్పు చేశానని అప్పుడు తెలిసింది. ఆ కాస్త తీపి లేకపోతే సోయా సాస్ పుల్లగా, కరుకుగా ఉంటుంది. వెల్లుల్లి, తొడ మాంసం, పుట్టగొడుగులు, సాస్ 60 మిల్లీలీటర్లు, సారాయి అర కప్పు, నానిన నీళ్ళు, పావు చెంచా పొడి, ఒక అనాస పువ్వు. ఉల్లిపాయలు ఈసారి లేత పసుపులోనే తీశాను. వాటిని సగం ఇప్పుడు, సగం చివర్లో వేశాను.

గంటన్నర ఉడికించాను. మధ్యలో రెండుసార్లు అడుగంటబోయింది. తీపి, జిగురు ఉన్న కుండ పక్కనే ఉండి చూసుకోవాలి. బాల్కనీలో ఆరేసిన బట్టలకి మూడు రోజులు సోయా వాసన వదల్లేదు, ఇది కూడా ముందే తెలిస్తే బాగుండేది. రాత్రి తొమ్మిదింటికి చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టాను. ముట్టుకోకుండా పడుకోవడం ఈ మొత్తం వ్యవహారంలో నాకు అన్నిటికంటే కష్టమైన పని.

ఆదివారం పొద్దున మూత తీస్తే పైన తెల్లటి పలక. చెంచా అంచుతో లేపితే నాలుగు పెచ్చులుగా వచ్చేసింది. తూచాను. 61 గ్రాములు. దాని కింద ముదురు గోధుమ రంగు గడ్డ, గిన్నె కదిపితే వణుకుతోంది. అమ్మ చెప్పింది అదే. ఫోటో తీసి పంపాను. "అదే" అని ఒక్క మాట రాసి పంపింది.

కొవ్వు పెచ్చుల్ని కాగితంలో చుట్టి చెత్తలో వేశాను. సింకులో పోస్తే గొట్టంలో పేరుకుంటుంది.

వేడి చేస్తే గడ్డ కరిగి చిక్కటి పులుసైంది. రుచి దుకాణం దానికి దగ్గరగా వచ్చింది. కానీ అన్నం దగ్గర దెబ్బతిన్నాను. ఇంట్లో ఉన్నవి భారతీయ సరుకుల కొట్టులో కొన్న సోనా మసూరి బియ్యం. మన అన్నం పలుకుగా ఉంటుంది, పప్పుకీ పులుసుకీ అదే కావాలి. ఈ పులుసు మాత్రం దాని సందుల్లోంచి అడుక్కి దిగిపోతుంది, పొడవాటి పుల్లలతో పట్టుకుంటే మెతుకులు రాలిపోతాయి. ఇక్కడి పొట్టి బియ్యం అన్నం ఒకదానికొకటి అంటుకుని పులుసుని పైనే ఆపుతుంది. తక్కువ పులుసుతో ముద్ద నిండుతుంది. అంటే ఉప్పు తగ్గాలన్నా అన్నమే సరైంది కావాలి. మర్నాడే రెండు కిలోల సంచీ కొన్నాను.

30న ఉగాది. ఆ వారమంతా మాంసం వండలేదు.

నాలుగో కుండ, ఏప్రిల్ 4-5

ఏప్రిల్ 3 నుంచి 6 దాకా సెలవులు. 4న ఛింగ్‌మింగ్, ఇక్కడి వాళ్ళు పెద్దల సమాధులు శుభ్రం చేసి దండం పెట్టుకునే రోజు. నేనుండేది మూడో అంతస్తు గదిలో, కింద ఇంటి యజమానురాలు ఉంటుంది. అరవై దాటిన ఆవిడ, అందరిలాగే నేనూ 'ఆయీ' అని పిలుస్తాను. వాళ్ళది దక్షిణాన చియాయీ. పుట్టింటి వాళ్ళ సమాధుల దగ్గరికి వెళ్ళి 4 సాయంత్రం తిరిగొచ్చి నా తలుపు కొట్టింది. మార్చి నెలంతా నా వంట వాసన ఆవిడకి మెట్ల మీద తెలుస్తూనే ఉందట.

చేతిలో ఒక సోయా సాస్ సీసా. దారిలో యున్‌లిన్ జిల్లా షీలో ఊళ్ళో ఆగి కొన్నదట. షీలో సోయా సాస్‌కి పేరున్న ఊరు, అక్కడ నల్ల సోయా గింజల్ని కుండల్లో పులియబెట్టి చేస్తారు. "ఇది తక్కువ వెయ్యి, చాలు" అంది. ఇంకో చేత్తో వాళ్ళ పాత ఆకుపచ్చ టాటుంగ్ కుక్కరు. 1960లో వచ్చిన ఈ కుక్కరు ఇక్కడి ఇళ్ళలో మన ఇళ్ళలో రుబ్బురోలంత మామూలు వస్తువు. బయటి కుండలో నీళ్ళు పోస్తే ఆ ఆవిరికి లోపలి గిన్నె ఉడుకుతుంది. నీళ్ళు అయిపోగానే మీట దానంతట అదే పైకి లేస్తుంది. అడుగంటడమన్నది లేదు.

నేను వండేదాన్ని లూ రౌ ఫాన్ అంటుంటే ఆయీ ఊరుకోలేదు. వాళ్ళ వైపు ఇలా ముక్కలు చేసి వండిన దాన్ని తైవానీ భాషలో 'బా సో' అంటారు. దక్షిణాన లూ రౌ ఫాన్ అని అడిగితే అన్నం మీద పెద్ద మాంసం పలక పెట్టి ఇస్తారు. గోదావరి జిల్లాల్లో ఒకలా, రాయలసీమలో ఇంకోలా వండే పులిహోర గురించి వాదించుకునే మనిషిని నేను, కాబట్టి బుద్ధిగా ఒప్పుకున్నాను. కొవ్వు తక్కువ కావాలంటే మా చియాయీ టర్కీ కోడి అన్నం తినొచ్చు కదా అని కూడా అంది. అది ఇంకోసారి.

కొలతలు మూడో కుండవే. ఆయీ సీసా సాస్ నాలుగు పెద్ద చెంచాలు. కొత్తగా కలిపినవి గట్టి టోఫు (సోయా పనీరు) పలకలు నాలుగు, ముక్కలు చేసి. ఉడికించి పొట్టు తీసిన గుడ్లు నాలుగు. బయటి కుండలో కొలత కప్పుతో రెండు కప్పుల నీళ్ళు. నలభై నిమిషాలకి మీట లేచింది. గుడ్లు, టోఫు అప్పుడు వేసి, మళ్ళీ రెండు కప్పులు. గుడ్లు ముందే వేస్తే రబ్బరులా గట్టిపడతాయని ఆయీ హెచ్చరించింది. ఈ గంటన్నరలో నేను పక్కన నిలబడలేదు. నాలుగు వీధులు నడిచొచ్చాను, డాక్టరు గారు చెప్పిన నడక కూడా అయింది.

శనివారం పొద్దున కొవ్వు పలక 52 గ్రాములు వచ్చింది. గడ్డ మూడో కుండలో కంటే గట్టిగా కట్టింది.

మధ్యాహ్నం పొట్టి బియ్యంలో మూడో వంతు దంపుడు బియ్యం కలిపి వండాను. దంపుడు బియ్యాన్ని విడిగా రెండు గంటలు ముందే నానబెట్టాలి. దాని మీద చిన్న గరిటెడు మాంసం, సగం గుడ్డు, నీళ్ళలో ఉడికించిన ఆకుకూర, దోసకాయ ముక్కలు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాను. జిగురు పెదాలకి తగిలింది. తీపి ముందు, ఉప్పు వెనక, అనాస పువ్వు ఎక్కడో దూరంగా. 2022 అక్టోబరు నాటి ఆ గాలి రాత్రి గుర్తొచ్చింది. దుకాణం దానంత జిడ్డు లేదు. నిజం చెప్పాలంటే ఆ జిడ్డు లేని లోటు రెండు మూడు ముద్దల దాకా తెలుస్తుంది. నాలుగో ముద్దకి మర్చిపోయాను.

ఖర్చు లెక్క రాసుకున్నాను. పొట్ట మాంసం 60, తొడ మాంసం 90, పుట్టగొడుగులు 40, గుడ్లు 30, టోఫు 30, మిగతా అంతా కలిపి 20. మొత్తం 270 డాలర్లు, ఎనిమిది గిన్నెలు. గిన్నె 34 పడింది. మా సందులో చిన్న గిన్నె 40, గుడ్డు విడిగా 15. పెద్దగా మిగిలేదేమీ లేదు, డబ్బు కోసమైతే ఈ పని పెట్టుకోవద్దు. సోడియం మాత్రం సాస్ లెక్కన గిన్నెకి 450 మిల్లీగ్రాముల దగ్గర ఆగింది. ఉల్లిపాయలు మాడకపోతే, పుట్టగొడుగుల నీళ్ళు పారబొయ్యకపోతే అంత తక్కువ సాస్‌తో రుచి నిలబడుతుంది.

ఇప్పుడు నా పద్ధతి ఇది. శుక్రవారం రాత్రి వండి, శనివారం కొవ్వు తీసి, గిన్నె లెక్కన చిన్న డబ్బాల్లో పెడతాను. మూడు రోజులవి ఫ్రిజ్‌లో, మిగతావి ఫ్రీజర్‌లో. గుడ్డూ టోఫూ ఫ్రీజర్‌లో పెట్టకూడదు, కరిగాక స్పాంజిలా అవుతాయి. తినేముందు పొంగు వచ్చేదాకా వేడి చెయ్యాలి. వారానికి మూడు గిన్నెలు దాటనివ్వడం లేదు. ఇంట్లో వండినంత మాత్రాన ఎంతైనా తినొచ్చని నేననుకోవడం లేదు, పొట్ట మాంసం పొట్ట మాంసమే. రక్త పరీక్ష జూన్‌లో ఉంది. దుకాణం పెద్దాయన దగ్గరికి నెలకోసారి వెళ్తాను, ఆయన అడక్కుండానే కొవ్వు తక్కువున్న ముక్కలు చూసి వేస్తున్నాడు.

ఏప్రిల్ 5 సాయంత్రం ఒక డబ్బా ఆయీకి ఇచ్చాను. మెట్ల మీదే నిలబడి చల్లగానే ఒక చెంచా నోట్లో వేసుకుంది. గడ్డ నాలుక మీద కరిగేదాకా మాట్లాడలేదు. "రాత్రంతా ఉంచావా?" అంది. "మా అమ్మ చెప్పింది" అన్నాను. "మీ అమ్మ పంది మాంసం వండుతుందా?" అంది. లేదంటే ఆశ్చర్యపోయి, కాళ్ళ పులుసు గురించి నా అరకొర చైనీసులో చెప్పిందంతా ఓపిగ్గా వింది.

మర్నాడు పొద్దున డబ్బా నా గుమ్మం ముందుంది. కడిగి ఉంది, ఖాళీగా లేదు. మేడ మీద తొట్లలో ఆయీ పెంచుకునే చిలగడదుంప ఆకు దాన్నిండా ఉంది. ఆ రోజు శ్రీరామనవమి. మాంసం డబ్బాలు ఫ్రీజర్‌లోకి పంపి, ఆ ఆకుతో పప్పు వండి, కింద ఆవిడకి కూడా ఒక గిన్నె ఇచ్చొచ్చాను.